కొండవాలు మట్టి జారిపోతోంది, వట్టివేరు పెడితే నిలుస్తుందా?

మాధవధార_వాసి
మా ఇల్లు మాధవధారలో కొండ అంచున ఉంది. పెరటి వెనకాల 40 అడుగుల వెడల్పున వాలు. కిందినుంచి పైకి నడిస్తే 20 అడుగులు, నిలువు ఎత్తు చూస్తే 10 అడుగులు. అంతా ఎర్రమట్టి, మధ్యమధ్యలో గులక. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ వాలు మీదున్న రెండు వేపచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అవి పడ్డ గుంతల దగ్గర మొదలైన కోత ఇంతవరకూ ఆగలేదు. వాన పడితే చాలు, మట్టి దిగి పెరటి కాలువ పూడిపోతుంది. మొన్న రాత్రి కురిసిన ఒక్క వానకి పొద్దున్నే లేచి 11 తట్టల మట్టి ఎత్తాను. పైన గట్టు మీద మా నాన్న నాటిన సంపెంగ ఉంది. దాని వేళ్లు బయటపడిపోయాయి. నాకు అసలు బాధ అదే.

గోడ కట్టించే స్తోమత ఇప్పుడు లేదు. వట్టివేరు గడ్డి వేస్తే మట్టి ఆగుతుందని తెలిసినాయన ఒకరు చెప్పారు. మా అమ్మేమో "వేళ్లు తవ్వి కుండలో వేసుకోవచ్చురా" అని అప్పుడే సంబరపడిపోతోంది. మన విశాఖలో పెంచినవాళ్లు ఉంటే చెప్పండి. ఎప్పుడు నాటాలి, ఎంత ఎడం ఉంచాలి, పిలకలు ఎక్కడ దొరుకుతాయి?

ఎండాడ_మిద్దెతోట
కళ్లు మూసుకుని పెట్టేయండి. మా మేడ మీద మూడేళ్లుగా సంచుల్లో పెంచుతున్నా. మే నెలలో పది రోజులు ఊరెళ్లి వస్తే టమాటా, వంగ అన్నీ పోయాయి. ఇది మాత్రం కొసలు కాస్త ఎండి అలాగే నిలబడి ఉంది.

సివిల్_శ్రీను
అక్కా, మేడ మీద సంచి వేరు, కొండవాలు వేరు. ఇక్కడ కళ్లు తెరిచే పెట్టాలి.

మాధవధార అన్నా, మీరు చెప్పిన కొలతల ప్రకారం వాలు దాదాపు 30 డిగ్రీలు. పర్వాలేదు, గడ్డి పనిచేసే వాలే. కానీ ముందు పైకెక్కి చూడండి. గట్టు నెత్తిన నేల పగిలి అడ్డంగా చీలిక కనిపిస్తోందా? చెట్లు గానీ, కంచె రాళ్లు గానీ కిందికి ఒరిగాయా? పై ఇంటి వాడకం నీళ్లు మీ వాలు మీదికి వదులుతున్నారా? మన కొండలు ఖోండలైట్ రాయి. అది పుచ్చిపోతేనే ఈ ఎర్రమట్టి. ఎండలో రాయిలా ఉంటుంది, నీళ్లు ఇంకితే ముద్దలు ముద్దలుగా ఊడిపోతుంది. చీలిక కనిపిస్తే గడ్డి మాట పక్కన పెట్టి ఇంజినీరును పిలిచి చూపించండి. పైపై మట్టి కొట్టుకుపోవడం మాత్రమే అయితే వట్టివేరుకి మించింది లేదు. ఆ వేరు తెగే బలం సగటున 75 మెగాపాస్కల్ అని లెక్క తేల్చారు. అంటే మామూలు ఉక్కు బలంలో ఆరో వంతు. గడ్డి వేరుకి అది తక్కువ బలమేమీ కాదు.

మాధవధార_వాసి
చీలికలు లేవు శ్రీనూ, ఇప్పుడే ఎక్కి చూసి వచ్చా. పై ఇంటి బట్టలుతికిన నీళ్లు మాత్రం ఒక మూల నుంచి దిగుతున్నాయి. వాళ్లతో మాట్లాడతా.

సివిల్_శ్రీను
ముందు ఆ పని చేయండి. ఆ నీళ్లకి పైపు పెట్టి పక్కకి తిప్పితే సగం కోత అక్కడే ఆగుతుంది.

కొత్తగా_తోట
నా గోడు కూడా వినండి. పోయినేడాది ఆన్‌లైన్‌లో వట్టివేరు అని 50 పిలకలు తెప్పించా. ఎనిమిది నెలలు నీళ్లు పోసి పెంచి, ఒక దుబ్బు తవ్వి చూస్తే జానెడు వేళ్లు, వాసన లేదు. ఆకు నలిపితే మాత్రం నిమ్మకాయ వాసన గుప్పుమంది!

ఎండాడ_మిద్దెతోట
మీకు అంటగట్టింది నిమ్మగడ్డి. పోనీలెండి, టీలోకి పనికొస్తుంది.

బాటనీ_టీచర్
ఈ పొరపాటు చాలామందికి జరుగుతోంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కొనేముందు ఆకు నలిపి చూడండి. నిమ్మగడ్డికి వాసనంతా ఆకులో ఉంటుంది. వట్టివేరు ఆకుకి ఏ వాసనా ఉండదు, దాని పరిమళమంతా వేరులోనే. తర్వాత పిలక మొదలు చూడండి. వట్టివేరు మొదలు గుండ్రంగా కాకుండా బల్లపరుపుగా నొక్కినట్టు, విసనకర్ర మడతల్లా ఒకదానిమీద ఒకటి ఒదిగి ఉంటుంది. ఆకు బిరుసుగా నిటారుగా లేస్తుంది.

దీని శాస్త్రీయనామం క్రైసోపోగాన్ జిజానియోయిడిస్. పాత పుస్తకాల్లో వెటివేరియా అని ఉంటుంది, రెండూ ఒకటే. ఉత్తరాదిన నదుల ఒడ్డున అడవిగా పెరిగే రకం విత్తనం కడుతుంది. మన దక్షిణాది సాగు రకం మొలకెత్తే విత్తనం ఇవ్వదు, గరికలా నేలమీద పాకదు, భూమిలో దుంపతీగలు సాచదు. నాటినచోటే దుబ్బు కట్టి కూర్చుంటుంది. కాబట్టి పక్కింటి తోటలోకి పోతుందన్న భయం అక్కర్లేదు. పిలకలు విడదీసి నాటడం ఒక్కటే మార్గం.

సబ్బవరం_రైతు
టీచరమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను పొలం గట్ల మీద వేసి పన్నెండేళ్లయింది, ఇంతవరకూ మడిలోకి ఒక్క పిలక రాలేదు.

మాధవధార బాబూ, నాటే పద్ధతి చెప్తాను, ఓపిగ్గా చదువుకో. తొలకరి పడ్డాక, జూన్ చివర నుంచి జూలై లోపు నాటెయ్. అక్టోబర్ వానలు వచ్చేసరికి వేరు దిగి ఉండాలి. దుబ్బు తవ్వి, చేత్తో లాగి పీకకుండా కత్తితో రెండేసి మూడేసి పిలకలుగా విడదియ్యి. ఆకు జానెడు ఉంచి పైన కోసెయ్. వేరు నాలుగు వేళ్ల పొడుగుంచి కత్తిరించు. పేడ నీళ్లలో ముంచి, తడి గోనె కప్పి నీడన పెడితే నాలుగైదు రోజుల్లో తెల్లగా కొత్త వేరు ముక్కు పొడుస్తుంది. అది చూశాక నాటు. ఒక్కటి కూడా ఎండిపోదు.

వరస మాత్రం వాలుకి అడ్డంగా ఉండాలి. పైనుంచి కిందికి గీత గీసినట్టు పెట్టావా, నువ్వే నీళ్లకి దారి వేసిచ్చినట్టు. గుంతకీ గుంతకీ 6 అంగుళాల ఎడం చాలు, దానికి మించనియ్యకు. మూడడుగుల నిలువు ఎత్తుకి ఒక వరస చొప్పున నీకు మూడు వరసలు వస్తాయి. వరసకి 80 గుంతలు, గుంతకి రెండు పిలకలు. 500 పిలకలు తెచ్చుకుంటే పోయినవాటికి మారు నాటడానికి కూడా మిగులుతాయి.

మాధవధార_వాసి
మామయ్యగారూ, ఇంత వివరంగా చెప్పారు, చాలా థాంక్స్. ఒక్క అనుమానం. అడ్డంగా అంటే సరిగ్గా మట్టంగా ఉండాలా? కంటి అంచనా సరిపోదా?

సబ్బవరం_రైతు
కన్ను మోసం చేస్తుంది. నేను మొదటిసారి కంటితోనే వేశాను. ఒక కొస అరడుగు పల్లమైంది. నీళ్లన్నీ వరస వెంట ఆ కొసకి పారి అక్కడ బొక్క కొట్టాయి. ఆ బొక్కలో ఇప్పటికీ రాళ్లు వేస్తూనే ఉన్నాను.

సివిల్_శ్రీను
మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు చాలు. సన్నటి తెల్ల గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస మీ అమ్మగారికి ఇచ్చి రెండోది మీరు పట్టుకోండి. రెండు కొసల్లోనూ నీళ్లు ఎక్కడ ఆగితే అదే మట్టం. అయిదడుగులకోసారి పుల్ల పాతి, పుల్లల వెంట ముగ్గు గీత వేసుకోండి. గొట్టంలో గాలి బుడగ మిగిలితే లెక్క తప్పుతుంది, చూసుకోండి.

ఆరిలోవ_కుర్రాడు
ఇంత ఒత్తుగా గడ్డి వేస్తే పాములు చేరవా? మా వీధిలో అందరికీ అదే టెన్షన్.

సబ్బవరం_రైతు
వదిలేస్తే ఏ పొదలోనైనా చేరతాయి బాబూ. ఏడాదికి రెండు మూడుసార్లు మోకాలెత్తుకి కోసెయ్. కోసినకొద్దీ పిలకలు ఎక్కువ వేసి మరింత దట్టమవుతుంది. లేత ఆకు పశువులు తింటాయి, ముదిరింది ముట్టవు. ముదురుదాన్ని వరసకి ఎగువన పరిచేస్తే మట్టికి కప్పు అవుతుంది. మొదటి మూడు నెలలు మాత్రం మేకల్ని రానివ్వకు, తుమ్మకంప అడ్డం వెయ్యి. నీడ కూడా పనికిరాదు దీనికి. చెట్టు కింద వేస్తే నీరసంగా లేచి పిలక కట్టదు.

మాధవధార_వాసి
సంపెంగ నీడ పై వరస మీద కొంచెం పడుతుంది. ఎలా?

సబ్బవరం_రైతు
కింది కొమ్మలు రెండు తీసెయ్యి. సాయంత్రం ఎండ తగిలినా బతుకుతుంది.

సీతమ్మధార_అత్తయ్య
వట్టివేరు మాట వినగానే మా అమ్మగారిల్లు గుర్తొచ్చింది. వేసవిలో పడమటి కిటికీలకి వట్టివేరు తడకలు కట్టేవాళ్లం. మధ్యాహ్నం రెండింటికి చెంబుతో నీళ్లు చల్లడం నా వంతు. తడక తడిసి గాలి తగలగానే ఇల్లంతా తొలకరి వాసన. ఫ్యాన్ లేదనే దిగులే ఉండేది కాదు. తాగే నీళ్ల కుండలో చిన్న వేళ్లకట్ట పలచటి గుడ్డలో మూటగట్టి వేసేవారు. రెండ్రోజులకోసారి తీసి నీడన ఆరబెట్టి మళ్లీ వేసేవారు. తడి మీద అలాగే ఉంచేస్తే జిగురు కడుతుంది, అది మర్చిపోవద్దు.

ఇప్పటి పిల్లలకి వట్టివేరంటే సీసాలో పచ్చటి షర్బత్. ఆ పచ్చదనం కలిపిన రంగు. అసలు వేరు గోధుమరంగులో ఉంటుంది. బాబూ, మీ అమ్మగారి కోరిక తీర్చు.

అప్పికొండ_గాలి
అత్తయ్యగారు చెప్పాక నాకూ నోరూరింది. మాది సముద్రం ఒడ్డు ఇసక నేల. ఉప్పుగాలికి గులాబీలు మాడిపోతాయి గానీ వట్టివేరు బాగానే వచ్చింది. ఇసకలో వేరు తవ్వడం కూడా తేలిక. మాధవధార బ్రో, మూడు వరసల్లో ఒకటి విడిచి ఒకటి తవ్వుకో. ఈ ఏడు మధ్య వరస, వచ్చే ఏడు మిగిలినవి. అమ్మకి వేళ్లు, నీకు మట్టి, రెండూ దక్కుతాయి.

సబ్బవరం_రైతు
అలా చెప్పకు నాయనా. నీది చదును నేల కాబట్టి చెల్లుతుంది. వేరు కావాలంటే మూడడుగుల లోతుకి గడ్డపార వెయ్యాలి. వాలు మీద అంత లోతు తవ్వితే రెండేళ్లుగా గట్టిపడ్డ మట్టంతా గుల్లవుతుంది. వాలు మీద వేసింది వాలుకే. దాన్ని ముట్టుకోకూడదు.

అప్పికొండ_గాలి
తవ్విన గాడి వెంటనే పూడ్చి కొత్త పిలకలు పెడితే?

సివిల్_శ్రీను
ఆ పిలకలు నిలదొక్కుకునే లోపు ఒక్క వాయుగుండం వస్తే చాలు బ్రో. గుల్ల మట్టి నీళ్లు పీల్చుకుని మొత్తం దిగుతుంది. మామయ్యగారి మాటే నా మాట.

అప్పికొండ_గాలి
సరే, ఒప్పుకుంటున్నా. మా ఇసక లెక్క కొండకి పనికిరాదు.

ఎండాడ_మిద్దెతోట
దీనికి దారి ఉంది! అమ్మగారికి విడిగా సంచుల్లో పెంచండి. నేను చేసేది అదే. ఖాళీ సిమెంటు సంచి కడిగి అడుగున నాలుగు చిల్లులు పెట్టి, రెండు పాళ్లు ఇసక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పేడ ఎరువు కలిపి నింపుతా. సంచికి మూడు పిలకలు. ఎంత ఎత్తు సంచి అయితే అంత పొడుగు వేరు. బంకమట్టి వేస్తే వేరు చుట్టుకుపోయి కడగడం నరకం.

15 నెలలు ఆగాలి. తొందరపడి ఆరు నెలలకే చూస్తే తెల్లటి లేత వేళ్లుంటాయి, వాసన అంతంతమాత్రం. డిసెంబర్, జనవరిలో పొడి వాతావరణం చూసి సంచిని బ్లేడుతో నిలువునా కోసేస్తా. మట్టి సంచి ఆకారంలోనే గడ్డలా నిలబడుతుంది, చుట్టూ అల్లుకున్న వేళ్లు జడపాయల్లా కనిపిస్తాయి. పైపుతో నీళ్లు కొడుతుంటే ఇసక జారిపోయి వేళ్లు ఒక్కొక్కటే విడతాయి. చేతికి రెండ్రోజులు ఆ వాసన పోదు. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పరిమళం ఎగిరిపోతుంది.

మాధవధార_వాసి
అక్కా, ఇదే చేస్తా. అమ్మకి చదివి వినిపించా, ఇప్పుడే సిమెంటు సంచులు వెతుకుతోంది.

కొత్తగా_తోట
నూనె తీసి అమ్మితే డబ్బులొస్తాయా? బాగా ఖరీదంటున్నారు.

బాటనీ_టీచర్
నూనె ఖరీదైనదే. అత్తరుల్లో దీనికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, హైతీ, ఇండోనేషియా పెద్దఎత్తున పండిస్తాయి. కానీ పెరటి పంటతో అయ్యే పని కాదు. వేళ్లని బట్టీలో ఆవిరి పట్టడానికే 18 నుంచి 24 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎకరాల లెక్కన వేసేవాళ్లు లక్నోలోని సీమాప్ (ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) విడుదల చేసిన కేఎస్-1, ధారిణి, సిమ్-వృద్ధి లాంటి రకాలు చూడొచ్చు. వాళ్లకి హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది, అడిగితే చెబుతారు.

మట్టి కాపాడటానికి దీన్ని వాడటం కొత్త సంగతి కాదు. ఫిజీలో చెరకు తోటల వాలు మీద 1950ల నుంచే వేస్తున్నారు. థాయిలాండ్ రాజు భూమిబోల్ 1991లో దీన్ని దేశమంతా నాటించే పని మొదలుపెట్టారు. మొక్క మనది, పేరు కూడా మన దక్షిణాది భాషల మాటే. అయినా మన కొండల మీద ఎక్కడా కనిపించదు. నాకు అది బాధగా ఉంటుంది.

ఆరిలోవ_కుర్రాడు
సిమెంటు గోడలు పగులుతుంటే మళ్లీ సిమెంటే పూస్తున్నారు. మా కొండ మీద కూడా నాటాలనిపిస్తోంది. పిలకలు ఎక్కడ దొరుకుతాయో ఎవరూ చెప్పలేదు.

సబ్బవరం_రైతు
నా గట్ల మీద పాత దుబ్బులు ఎటూ విడదీయాలి. మాధవధార బాబుకి కావాల్సిన 500 నేనిస్తాను. వానలు పడ్డాక రా, డబ్బులేమీ వద్దు. మీ పెరటి సంపెంగపూలు నాలుగు పట్టుకురా, మీ అత్తమ్మ సంతోషిస్తుంది.

మాధవధార_వాసి
(జూలై) నాటేశాం. మామయ్యగారి దగ్గర నుంచి రెండు గోనెల పిలకలు తెచ్చా. లెవెల్ ట్యూబు అమ్మ పట్టుకుంది, "కదలకురా, నీళ్లు ఊగుతున్నాయి" అని నన్నే కేకలేసింది. పై వరస సంపెంగకి సరిగ్గా కింద వచ్చింది. పైఇంటివాళ్లు పైపు పెట్టుకున్నారు. అడగ్గానే ఒప్పుకున్నారు పాపం, వాళ్లకి ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తెలియదట.

మాధవధార_వాసి
(అక్టోబర్) మూడు రోజుల వాన ఇప్పుడే తెరిపిచ్చింది. ఉన్నదున్నట్టు చెప్తా. పై వరస, మధ్య వరస నిలిచాయి. కింది వరసలో ఆరు గుంతలు ఆగస్టులోనే ఎండిపోయాయి, నేను బద్ధకించి మారు నాటలేదు. సరిగ్గా ఆ ఖాళీలోంచే నీళ్లు దూరి రెండడుగుల గాడి పడింది. మట్టి మాత్రం ఈసారి మూడు తట్టలే.

సబ్బవరం_రైతు
బాగుంది. ఖాళీ ఉందంటే నీళ్లు వెతుక్కుని మరీ వస్తాయి. గాడిలో రాళ్లు, కొమ్మలు అడ్డం పెట్టి మట్టి నింపి, ఇప్పుడే మారు నాటు. చలికాలం వారానికి రెండు తడులివ్వు.

సివిల్_శ్రీను
11 తట్టల నుంచి 3కి వచ్చింది, అదీ నాలుగు నెలల పైరుతో. వచ్చే ఏడు వరసలు కలిసిపోతే ఇంకా తగ్గుతుంది. ఫొటో పెట్టండి.

మాధవధార_వాసి
(మరుసటి ఏడాది నవంబర్) ఫొటో ఇదిగో. వరసలు గోడలా కలిసిపోయాయి, ఎగువన జానెడు మట్టి పేరుకుని మెట్టులా తయారైంది. కాలువలో ఎత్తిన మట్టి కూడా వృథా చేయకుండా సంపెంగ మొదట్లో పోస్తూ వచ్చా, పై వరస ఆపింది. వేళ్లు ఇప్పుడు బయటికి కనిపించడం లేదు. ఈ వానాకాలం మొత్తానికి కాలువలోంచి ఎత్తింది ఒకటిన్నర తట్ట.

సీతమ్మధార_అత్తయ్య
చల్లగా ఉండు నాయనా. అమ్మ సంచులో?

మాధవధార_వాసి
నాలుగున్నాయి అత్తయ్యగారూ, మేడ మీద పిట్టగోడ పక్కన. 15 నెలలు నిండాయి, అయినా ఎండాడ అక్క చెప్పినట్టు జనవరిలోనే కోస్తానంటోంది. కొత్త కుండ మాత్రం అప్పుడే కొనేసింది.

వాలు మీద దుబ్బులు ఆకు కోసేశా. చివర్లో గట్టు పక్కన అదనంగా పెట్టిన వరస ఒకటుంది, చదును నేల, దాన్ని విడదీస్తే 300 పిలకలు వస్తాయి. ఆరిలోవ తమ్ముడూ, నువ్వు అడిగావు కదా. ఇప్పుడు తీసుకెళ్లి సంచుల్లో పెంచుకుంటే జూన్‌కి రెట్టింపవుతాయి. ఈ ఆదివారం పొద్దున్నే రా. తడి గోనె తెచ్చుకో.

ఆరిలోవ_కుర్రాడు
వస్తా అన్నా. మా వీధి నుంచి ఇంకో ఇద్దరు కూడా వస్తామంటున్నారు. గోనెలు మూడు తెస్తున్నాం.